చెర్రీ ఎరుపు, 8 శాతం బలం: బెల్జియం పండ్ల బీర్ల వింతలు విశేషాలు

బెల్జియం వైశాల్యం సుమారు 30,700 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో మూడో వంతుకు కూడా రాదు. అంత చిన్న దేశంలో దాదాపు 1,500 రకాల బీర్లు తయారవుతాయి. వాటిలో నా మనసు దోచుకున్నది ఒక చిన్న గుంపు: పండు వాసనతో గుబాళిస్తూ, 8 శాతం, ఆపైన ఆల్కహాలును లోపల దాచుకునే ఏల్ బీర్లు. మన షాపుల్లో దొరికే స్ట్రాంగ్ బీరు సీసా మీద కూడా ఇంచుమించు ఇదే అంకె ఉంటుంది. అంకె ఒకటే అయినా అక్కడికి చేరిన దారి వేరు. మన స్ట్రాంగ్ బీరు లాగర్ జాతిది. చల్లటి ట్యాంకులో పులిసి, వడపోతకు లోనై, నిగనిగలాడుతూ బయటికొస్తుంది. బెల్జియం ఏల్ వెచ్చగా పులుస్తుంది. చాలాసార్లు సీసాలోకి దిగాక కూడా అందులోని ఈస్ట్ పని మానదు. పండు రుచికి ప్రాణం పోసేది ఆ ఈస్టే, దానికి మనిషి ఓపిగ్గా ఇచ్చే సమయమే అని నేను గట్టిగా నమ్ముతాను. ఈ విశేషాలు చదివాక మీకూ అలాగే అనిపించవచ్చు.

ముదురు ఎరుపు మీద గులాబి నురగ

గెంట్ నగరం పక్కన మెల్లె అనే ఊరుంది. అక్కడి బీరు తయారీ కేంద్రాన్ని 1906లో లియోన్ హ్యూగె కొన్నాడు. గులాబి ఏనుగు బొమ్మతో ప్రపంచమంతా తిరిగే డెలీరియమ్ బీర్లు ఆ ఇంటివే. వాటిలో డెలీరియమ్ రెడ్ 8 శాతం బలమున్న చెర్రీ ఏల్. గ్లాసులో పోస్తే కింద ముదురు ఎరుపు, పైన దట్టమైన గులాబి నురగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు పుల్ల చెర్రీ పలకరిస్తుంది, వెనకాలే బాదం వాసన వస్తుంది. మొదటి గుక్క తియ్యగా మొదలవుతుంది. మింగేలోపు పులుపు వచ్చి ఆ తీపికి పగ్గం వేస్తుంది. చివర్న గొంతులో సన్నటి వెచ్చదనం. ఆల్కహాలు ఉన్న సంగతి అప్పుడు గాని తెలియదు.

దీనికి సాటి కస్టీల్ రూజ్. ఇంగెల్‌మున్‌స్టర్ కోట పేరు చెప్పుకుని వాన్ హాన్స్‌బ్రూక్ కుటుంబం చేసే బీర్లలో ఇదొకటి. 11 శాతం బలమున్న తమ ముదురు రంగు బీరుకు చెర్రీని కలిపి 8 శాతానికి తెస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి రుచి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. డెలీరియమ్‌లో పులుపు చురుగ్గా ఉంటుంది. కస్టీల్‌లో తీపి చిక్కగా, నాలుక మీద బరువుగా నిలుస్తుంది. భోజనం తర్వాత మిఠాయి బదులు ఏదైనా కావాలంటే నేను రెండోదాన్ని ఎంచుకుంటాను.

సారాను కట్టడి చేస్తే బీరు బలపడింది

బెల్జియం బీర్లకు ఇంత బలం రావడం వెనుక ఒక చట్టం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక న్యాయశాఖ మంత్రిగా ఉన్న సోషలిస్టు నాయకుడు ఎమిల్ వాండర్‌వెల్డె, కార్మికులను తాగుడు నుంచి కాపాడాలని 1919లో చట్టం తెచ్చాడు. కఫేల్లో, బార్లలో జెనీవర్ వంటి ఘాటు సారాను గ్లాసుల లెక్కన అమ్మడం నిషిద్ధం. దుకాణంలో కొనాలంటే ఒకేసారి కనీసం 2 లీటర్లు కొనాలి. కూలి డబ్బుతో బతికేవాడికి అది అయ్యే పని కాదు.

సారా పోయిన చోటును బలమైన బీర్లు ఆక్రమించాయి. 8.5 శాతం డూవెల్ ఆ పేరుతో 1923లో వచ్చింది. వెస్ట్‌మల్లె మఠంలోని సన్యాసులు 1934లో తెచ్చిన ట్రిపెల్ 9.5 శాతం. బలం పెంచడానికి వాళ్లు నమ్ముకున్నది చక్కెర దుంప నుంచి తీసిన పంచదారను, కలకండను. మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, ఒక్కటే ఎక్కువ పోస్తే బీరు గంజిలా చిక్కబడుతుంది. పంచదార మాత్రం పూర్తిగా పులిసి ఆల్కహాలుగా మారిపోతుంది, బరువు మిగల్చదు. అందుకే ఈ బీర్లు నాలుకకు తేలిక, తలకు బరువు. ఆ చట్టం 1983 దాకా అమల్లో ఉంది. తాగుడు తగ్గించాలనుకున్న ఒక మంచి మనిషి చట్టం, ప్రపంచంలోకెల్లా ఘాటైన బీరు సంప్రదాయాల్లో ఒకదానికి ఊతమిచ్చింది.

పండు పడకుండానే పండు వాసన

ఒక్క పండు ముక్క కూడా వేయని బెల్జియం ఏల్‌లో అరటిపండు, ఆపిల్, లవంగం వాసనలు వస్తాయి. అదంతా ఈస్ట్ చలవే. తీపిని తిని ఆల్కహాలు చేసే క్రమంలో అది ఎస్టర్లనే సుగంధ పదార్థాలను వదులుతుంది. ఐసోఅమైల్ ఎసిటేట్ అరటిపండు వాసననిస్తుంది. ఇథైల్ హెక్సనోయేట్ ఆపిల్‌ను, సోంపును తలపిస్తుంది. లవంగపు ఘాటు మరో పదార్థానిది, దాని పేరు 4-వినైల్ గ్వయాకాల్. పులిసే వేడి పెరిగేకొద్దీ ఎస్టర్లు పెరుగుతాయి కాబట్టి, లాగర్ వాళ్లు భయపడే వేడిని బెల్జియం వాళ్లు కోరి తెచ్చుకుంటారు.

ఇంకో వింత. అరటిపండు వాసననిచ్చే ఈ ఐసోఅమైల్ ఎసిటేటే తేనెటీగల ప్రమాద ఘంటిక కూడా. ఒక ఈగ కుట్టినప్పుడు ఇదే పదార్థం గాలిలోకి వెలువడి, తోటి ఈగలను దాడికి పిలుస్తుంది. అందుకే తేనెపట్టుల దగ్గర అరటిపండు తినొద్దని పెంపకందారులు హెచ్చరిస్తారు.

ఈ పరిమళం ఎవరి కోసం?

ఈస్ట్‌కు ముక్కు లేదు. మరి ఇంత శ్రమపడి పండు వాసనను ఎందుకు తయారుచేస్తుంది? లూవెన్ విశ్వవిద్యాలయంలో కెవిన్ వెర్‌స్ట్రెపెన్ బృందం 2014లో దీనికి జవాబు చెప్పింది. పక్క ప్రయోగశాల నుంచి తప్పించుకొచ్చిన పండు ఈగలు, సువాసన ఎక్కువ వదిలే ఈస్ట్ ఉన్న సీసా మీదే మూగడం ఆయన చాలా ఏళ్ల కిందటే గమనించాడు. సువాసనకు కారణమైన ఏటీఎఫ్1 అనే జన్యువును తొలగించి చూస్తే ఈగలకు ఆ ఈస్ట్ మీద మోజు తగ్గింది. ఈస్ట్ తనంతట తాను కదలలేదు. ఈగను రప్పించుకుని, దాని ఒంటి మీదెక్కి మరో పండు మీదికి చేరుతుంది. గ్లాసులో మనల్ని మురిపించే అరటి వాసన ముందు ఈగలకు పంపిన ఆహ్వానమన్న మాట.

ఇక్కడ సాలెపురుగులకు రక్షణ

బ్రస్సెల్స్‌లోని ఆండర్‌లెక్ట్‌లో 1900లో పెట్టిన కాంటియాన్ ఇప్పటికీ పాత పద్ధతిలోనే బీరు చేస్తుంది. పులుస్తున్న పండ్ల కోసం ఈగలు రావడం ఖాయం. రసాయనాలు కొడితే గదిలోని ఈస్ట్ కూడా పోతుంది. అందుకని పీపాల గదిలో సాలెగూళ్లను ఎవరూ దులపరు. ఈగల సంగతి సాలెపురుగులే చూసుకుంటాయి. పాత భవనమంటే బూజు దులపాల్సిందేనని అనుకునేవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు, కానీ లూవెన్ పరిశోధన చదివినవాళ్లకు ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో అర్థమవుతుంది.

గాలిలోంచి దిగే ఈస్ట్

కాంటియాన్‌లో తయారయ్యేది లాంబిక్. బ్రస్సెల్స్ చుట్టుపక్కల, సెన్ నది లోయలో పుట్టిన రకమిది. బార్లీ మాల్ట్, పచ్చి గోధుమ ఉడికించి తీసిన తీపి ద్రవాన్ని, ఏళ్ల తరబడి నిల్వ ఉంచి చేదు చచ్చిన హాప్స్ పూలతో కాచి, పైకప్పు కింద వెడల్పాటి లోతులేని రాగి తొట్టెలో రాత్రంతా ఆరబెడతారు. ఈస్ట్‌ను ఎవరూ కలపరు. గాలిలోంచి, గోడల్లోంచి, ఆ తర్వాత చెక్క పీపాల్లోంచి అదే వచ్చి చేరుతుంది. తాటిచెట్టు మీద లొట్టిలోకి దిగిన నీరా ఎవరూ ఏమీ కలపకుండానే ఎండెక్కేసరికి కల్లుగా మారడం చూసిన తెలుగువాళ్లకు ఈ సూత్రం కొత్త కాదు. తేడా అంతా సమయంలో ఉంది. కల్లు గంటల్లో పులుస్తుంది, లాంబిక్‌కు ఒకటి నుంచి మూడేళ్లు పడుతుంది.

ఆ పీపాల్లో ముఖ్యమైన పనివాడు బ్రెటనోమైసిస్ బ్రక్సెలెన్సిస్ అనే ఈస్ట్. బ్రస్సెల్స్ నగరం పేరును శాస్త్రలోకంలో మోస్తున్న జీవి ఇది. చక్కెరల్లో మామూలు ఈస్ట్ వదిలేసినవాటిని కూడా ఇది మెల్లగా తింటూ పోతుంది.

తగ్గిపోతున్న చలికాలం

లాంబిక్‌ను అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య చలి రాత్రుల్లోనే కాస్తారు. రాత్రి వేడిగా ఉంటే పనికిరాని సూక్ష్మజీవులు తొట్టెలోకి దిగుతాయి. కాంటియాన్ వాళ్లు తమ రికార్డులను వాతావరణ లెక్కలతో పోల్చి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. 20వ శతాబ్దం మొదట్లో ఏడాదికి సుమారు 165 రోజులు అనువుగా ఉంటే, ఇప్పుడవి 140 దగ్గరికి పడిపోయాయి. 2015 నవంబరులో రాత్రులు మరీ వెచ్చగా ఉండటంతో కాచిన ద్రవాన్ని కొంత పారబోయాల్సి వచ్చింది. ఈస్ట్‌ను ప్యాకెట్లో కొనుక్కునేవాళ్లకు ఈ బెంగ లేదు. గాలిని నమ్ముకున్నవాళ్లకు వాతావరణమే ముడిసరుకు, అది చేజారితే బజారులో దొరకదు.

చెర్రీ గింజలోని బాదం

పండ్ల లాంబిక్‌లలో చెర్రీతో చేసే క్రీక్‌ది మొదటి పేరు. బ్రస్సెల్స్ శివారు స్కార్‌బేక్‌లో ఒకప్పుడు పండిన చిన్న పుల్ల చెర్రీలు దీనికి ప్రసిద్ధి. పండును గింజతో సహా పీపాలో వేసి నెలల తరబడి వదిలేస్తారు. పండులోని తీపి మళ్లీ పులిసిపోతుంది. రంగు, పులుపు, వాసన మిగులుతాయి. గింజలోని పదార్థం విడిపోయి బెంజాల్డిహైడ్ బయటికొస్తుంది. బాదం నూనెకు ఘుమఘుమ ఇచ్చేది కూడా అదే. చెర్రీ బీరు తాగుతూ బాదం ఎవరు కలిపారా అని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు గింజలోనే ఉంది.

కాంటియాన్ లెక్క లీటరు లాంబిక్‌కు సుమారు 200 గ్రాముల పండు. ఇలా నిజమైన పండుతో, గాలి ఈస్ట్‌తో పులిసిన ‘ఔడె క్రీక్’ పేరును యూరోపియన్ యూనియన్ 1997లో సంప్రదాయ ఉత్పత్తుల జాబితాలో చేర్చి కాపాడింది. తియ్యటి రసం కలిపి సీసాకెత్తేవాళ్లు ఆ పేరు వాడుకోవడానికి వీల్లేదు.

కార్యదర్శిగా చేరి తయారీ అధిపతి అయిన రోసా

ఔడెనార్డె పట్టణంలోని లీఫ్‌మన్స్ బీరు కేంద్రం 1679 నుంచి తన చరిత్ర చెప్పుకుంటుంది. 1946లో అక్కడ కార్యదర్శిగా చేరిన రోసా మెర్క్స్ పని నేర్చుకుంటూ ఎదిగి బీరు తయారీకి అధిపతి అయింది. మగవాళ్ల రాజ్యమైన ఆ వృత్తిలో బెల్జియంలో ఆ స్థానానికి చేరిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. సీసాలకు చుట్టే పల్చటి కాగితం మీద ఆమె సంతకం ఉండేది. ఈ ఇంటి చెర్రీ బీరుకు 100 లీటర్లకు 13 కిలోల చెర్రీలు పడతాయి.

చూపులేని నాయకుడి పేరుతో చెర్రీ బీరు

రూసెలారెలోని రోడెన్‌బాక్ బీరు కేంద్రం 1821లో మొదలైంది. అక్కడ నేల నుంచి కప్పు దాకా నిలబడిన 294 ఓక్ పీపాలున్నాయి. పెద్దవాటిలో ఒక్కోదాంట్లో 65,000 లీటర్ల దాకా పడుతుంది. వ్యవస్థాపక సోదరుల్లో అలెగ్జాండర్ చిన్నతనంలోనే చూపు కోల్పోయాడు. అయినా బెల్జియం స్వాతంత్ర్య ఉద్యమంలో ముందు నిలిచి, పార్లమెంటు సభ్యుడై, అంధుల చదువు కోసం పాటుపడ్డాడు. ఆయన పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా 1986లో పుల్ల చెర్రీ కలిపిన ‘అలెగ్జాండర్’ను విడుదల చేశారు. తర్వాత ఆపేశారు. అభిమానుల కోరిక మీద 2016లో మళ్లీ తెచ్చారు.

ధనియాలు వేసి బతికించిన పాలవాడు

హూగార్డెన్ ఊళ్లో గోధుమ బీరు చేసే చివరి కేంద్రం 1957లో మూతపడింది. కుర్రతనంలో అక్కడ పనికి సాయం చేసిన పియేర్ సెలిస్ ఆ తర్వాత పాలు పోసి బతికేవాడు. ఆ రుచి పోవడం భరించలేక 1966లో తనే మొదలుపెట్టాడు. ధనియాలు, ఎండబెట్టిన కురసావో నారింజ తొక్క ఆ బీరుకు ఆయువుపట్టు. ఒక్క మనిషి పట్టుదలతో బతికిన ఆ రకం ఇప్పుడు ఖండాలు దాటింది. హైదరాబాదు, బెంగళూరు మైక్రోబ్రూవరీల మెనూల్లో తరచు కనిపించే బెల్జియన్ విట్ అనే గోధుమ బీరు ఆ కుదురుదే.

మామిడి, అరటి, కొబ్బరి

బెల్జియం పండ్ల బీర్లు చెర్రీ, రాస్ప్‌బెర్రీల దగ్గర ఆగిపోలేదు. వామ్‌బేక్‌లోని డి ట్రోక్ సంస్థ అరటి, అనాస రుచులతో లాంబిక్‌లు తెచ్చింది. మోంగోజో పేరుతో హ్యూగె వాళ్లు మామిడి, అరటి, కొబ్బరి బీర్లు కాస్తారు. కొబ్బరి బీరును చెక్కిన కొబ్బరి చిప్పలో పోసి ఇవ్వడం రివాజు. వీటిలో బలం తక్కువ, తీపి ఎక్కువ. లిండెమన్స్ వాళ్ల పీచు బీరు 1987 నుంచి ఉంది. టిల్కిన్ సంస్థ ప్లమ్ పండుతో, కాంటియాన్ ఆప్రికాట్‌తో, ద్రాక్షతో చేస్తాయి.

అతి బలమైనవి

పిపే గ్రామంలో 1769 నుంచి ఉన్న ద్యుబుయిసాన్ వాళ్ల బుష్ ఆంబ్రే 12 శాతం. 1933లో పుట్టిన ఈ బీరు దేశంలోకెల్లా బలమైనదిగా చాలాకాలం పేరు మోసింది. దాని చురుకును పీచు రుచితో మెత్తబరిచి 8.5 శాతంతో పేష్ మెల్ బుష్ తెచ్చారు. పీచు వాసనకు మోసపోయి గబగబా తాగేవాళ్లకు బుష్ తన సంగతి తర్వాత చూపిస్తుంది.

బెల్జియం బయట చూస్తే, అమెరికాలో శామ్యూల్ ఆడమ్స్ వాళ్ల యుటోపియాస్ 2021 విడుదల 28 శాతం. దానిలో మిషిగన్ చెర్రీలు కూడా వాడారు. అందులో పొంగు ఉండదు, చిన్న గ్లాసులో గుటక గుటకగా తాగాలి. అంత బలం తమ చట్టం ఒప్పుకోదని 15 రాష్ట్రాలు దాని అమ్మకాన్ని రానివ్వలేదు.

ఒకే చోట 2,004 రకాలు

బ్రస్సెల్స్‌లో ఒక ఇరుకు సందులో ఉన్న డెలీరియమ్ కఫే 2004 జనవరిలో గిన్నిస్ రికార్డు సాధించింది. ఆ రోజు అక్కడ తాగడానికి సిద్ధంగా ఉన్న బీర్లు 2,004 రకాలు. రోజుకొకటి చొప్పున రుచి చూసినా ఐదేళ్లు దాటుతుంది.

గ్లాసుకు తాకట్టు కాలి బూటు

బెల్జియంలో ప్రతి బీరుకూ దాని సొంత గ్లాసు ఉంటుంది. 8.4 శాతం క్వాక్ గ్లాసు అడుగున గుండ్రంగా ఉండి కింద నిలబడదు కాబట్టి చెక్క పట్టు మీద నిలబెడతారు. గెంట్‌లోని డుల్లె గ్రీట్ బారులో ఇలాంటి 1.2 లీటర్ల పెద్ద గ్లాసు కావాలంటే కాలి బూటు ఒకటి విప్పి ఇవ్వాలి. దాన్ని బుట్టలో వేసి కప్పు దాకా లాగేస్తారు. గ్లాసు తిరిగిచ్చాకే బూటు కిందికి దిగుతుంది.

పండు వేయడం 9,000 ఏళ్ల అలవాటు

1516లో జర్మనీలోని బవేరియా, బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఏమీ ఉండకూడదని శాసించింది. పండు వేయడం ఆధునికుల చపలత్వమని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ చైనాలో హెనాన్ ప్రాంతంలోని జియాహు తవ్వకాల్లో దొరికిన సుమారు 9,000 ఏళ్ల నాటి కుండ పెంకులను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రిక్ మెక్‌గవర్న్ బృందం పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించింది. వరి, తేనె, పండు కలిపి పులియబెట్టిన పానీయపు జాడలు ఆ పెంకుల్లో బయటపడ్డాయి. నియమం కన్నా పండే పాతది.

250 బీర్లు, 16 నాలుకలు

బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వాన్ని లెక్కల్లోకి దించే ప్రయత్నం 2024లో జరిగింది. వెర్‌స్ట్రెపెన్ బృందమే 250 బెల్జియం బీర్లను తీసుకుని, ఒక్కోదాంట్లో 200కు పైగా రసాయన గుణాలు కొలిచింది. శిక్షణ పొందిన 16 మంది రుచి చూసి మార్కులు వేశారు. తాగినవాళ్లు రాసిన 1,80,000 అభిప్రాయాలను కూడా కలిపి కంప్యూటర్‌కు నేర్పించారు. ఏ బీరు జనానికి ఎంత నచ్చుతుందో అది చాలావరకు సరిగ్గా చెప్పగలిగింది. ఇష్టాన్ని ఎక్కువగా నిర్ణయించే పదార్థాల్లో ఇథైల్ ఎసిటేట్ ముందుంది. అది కూడా ఈస్ట్ వదిలే ఎస్టరే.

రుచి చూసే పద్ధతి

8 శాతం బలమున్న 330 మిల్లీలీటర్ల సీసాలో ఉండే ఆల్కహాలు, మన దగ్గర 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో 4 శాతం బీరుకు ఉండేంత. కాబట్టి ఒక సీసాను ఇద్దరు పంచుకోవడం ఉత్తమం. తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు, ఎక్కడైనా బండి నడపాల్సినవాళ్లకు ఇది వద్దే వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయకండి. మరీ చల్లగా ఉంటే ముక్కుకు ఏమీ అందదు. వెడల్పాటి గ్లాసులో సగం పోసి, ముందు వాసన చూడండి. పండు పైపైన తేలుతూ జామ్ సీసా మూత తీసినట్టు ఒకే తీపి తగిలితే అది రసం కలిపిన బీరు. చెర్రీ తర్వాత బాదం, దాని వెనక లవంగం, చివర్న పులుపు ఒకదాని తర్వాత ఒకటి వస్తే ఆ సీసాలో ఈస్ట్ తన పని తాను చేసిందని అర్థం. నా దృష్టిలో బీరు గొప్పతనం తేలేది అక్కడే. లేబుల్ మీది శాతం మత్తు ఎంతో చెబుతుంది. తయారుచేసినవాళ్లు ఎంత ఓపిక పట్టారో చెప్పేది ఈ రుచుల వరసే, దాన్ని వినాలంటే తాగేవాళ్లు కూడా అంతే నిదానం పాటించాలి.